ఎడమ చుట్టు

పదకొండో వారం

“పొయ్యి నువ్వు వెలిగిస్తావా, నన్ను వెలిగించుకోమంటావా?” అని మూడోసారి అడిగింది వీరాయమ్మ.

పుష్పలత వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఏడు దాటింది. పొయ్యిలో నిన్నటి బూడిద అలాగే ఉంది. గడప మీద కూర్చోకూడదని కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్తగారు చెప్పింది. అందుకే ఇవాళ ఏరి కోరి అక్కడే కూర్చుంది.

“నా అట్ట నా చేతికొచ్చే దాకా నేను వండను, తినను” అంది చివరికి.

“ఏవుందే ఆ అట్టలో? తీగముక్కలు, గాజుపూసలు. అంతర్వేది తీర్థంలో పిల్లలు పావలా పెట్టి కొనుక్కునేవి. దానికింత రాద్ధాంతవా?”

“ఆయ్, పావలావేనండి. కానీ అవి నావండి.”

వీరాయమ్మ ఏదో అనబోయి, అనకుండా కొబ్బరిమట్ట ముక్కలు విరవడం మొదలుపెట్టింది. విరిచే చప్పుడులోనే అనవలసినదంతా అనేసింది. మనిషిని కొట్టి, ఏడిస్తే తప్పు పట్టడం కొన్ని ఇళ్ళలో పెద్దరికం.

ఆ అట్ట మీద ఇరవై నాలుగు ఉంగరాలున్నాయి. శుభలేఖల పెట్టె మూతకి నల్లగుడ్డ అంటించి, అంచుకి పచ్చదారంతో కుట్టు వేసి, నాలుగు వరసల్లో ఆరేసి చొప్పున కట్టింది పుష్పలత. ఒక్కొక్క ఉంగరం ఒక్కో రకం. ఒకటి మల్లెమొగ్గ, ఒకటి చేప, ఒకటి నెమలికన్ను. రాగితీగని అప్పడాలకర్ర పిడికి, వేలి కొలతకి సరిపడే లావు దగ్గర, రెండు చుట్లు చుట్టి, పూసలెక్కించి, మిగిలిన కొసని మూడు మెలికలు తిప్పి పూస లోపలే దాచేస్తుంది. ఆవిడ చేసిన ఉంగరం వేలికి గీరుకోదు. మూడు వారాలు పట్టింది ఆ పని.

మహిళామండలిలో చేతిపనుల టీచరు పోస్టుకి అర్జీతో పాటు చేసిన పని కూడా రాజోలు సమితాఫీసులో ఇవ్వాలన్నారు. సోమవారం ఆఖరి రోజు. సోమవారం పొద్దున్న తన పెట్టె తెరిస్తే అర్జీ ఉంది, అట్ట లేదు. ఇవాళ బుధవారం.

నిన్న సాయంత్రం బాల్వాడీ టీచరమ్మ ఎలీసమ్మ కాలవగట్టు మీద ఆపి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. “నేను రాజోలు సమితాఫీసుకి వెళ్ళేను పుష్పా. నీ అట్ట అక్కడ బల్ల మీదుంది. పచ్చదారం కుట్టు నేను గుర్తుపట్టలేనా? కానీ కింద కాయితం మీద నీ పేరు లేదు. రాజ్యలక్ష్మి అని రాసుంది.”

రాజ్యలక్ష్మి అంటే తోడికోడలు. బావగారు త్రిమూర్తుల భార్య. పుష్పలత నోరారా అక్కా అని పిలిచే మనిషి.

రాత్రంతా ఆ పేరుని నమలలేక, మింగలేక పడుకుంది. పొద్దున్న లేచి ఎవరి మొహమూ చూడకుండా గడప మీద కూర్చుంది.

పెరట్లో నూతి గిలక కిర్రుమంది. పుష్పలత లేచింది.

రాజ్యలక్ష్మి నీళ్ళు తోడుతోంది. అప్పటికే తలంటుకుని, జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. నీళ్ళు తోడడానికి ఎవరూ అలాంటి చీర కట్టరు.

“అక్కా.”

“ఊఁ.”

“ఆ చీర మీ తమ్ముడి పెళ్ళికి కొన్నది కదా. ఇవాళ కట్టేవేంటి?”

“ఊరికే.”

“సమితాఫీసులో నా అట్ట ఉందంట. ఎలీసమ్మగారు చూసేరంట. దాని కింద నీ పేరుందంట.”

చేద చేతిలోంచి జారింది. గిలక గిరగిరా తిరిగి, కింద నీళ్ళలో దభీమని చప్పుడైంది. ఇద్దరూ ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడ్డారు.

“ఎలీసమ్మగారు సరిగ్గా చూడలేదని చెప్పక్కా. రాజ్యలక్ష్ములు ఊరికి పదిమంది ఉంటారని చెప్పు. నువ్వు చెప్తే నేను నమ్ముతాను. ఒక్కసారి చెప్పు.”

రాజ్యలక్ష్మి తడిచేతులు చీరకి తుడుచుకోబోయి, ఏ చీర కట్టుకుందో గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆ ఆగడం చూసి పుష్పలతకి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఈ ఇంట్లో ఈవిడొక్కతే తనని కడుపులో పెట్టుకుని చూసింది.

పుష్పలతది ఎడమచేతివాటం. పెళ్ళిచూపుల నాడు వాళ్ళమ్మ ఆ సంగతి బయటపడకుండా కుడిచేత్తో పళ్ళెం పట్టించి గట్టెక్కించింది. అన్నం తినడం, అక్షింతలు వెయ్యడం, ఎవరికైనా ఇవ్వడం వరకు కుడిచెయ్యి అలవాటు చేశారు. కత్తి పట్టుకుంటే మాత్రం చెయ్యి దానంతటది మారిపోయేది. కాపురానికి వచ్చిన నాలుగో రోజున కూర తరుగుతుంటే మొట్టమొదట చూసింది రాజ్యలక్ష్మే. చూసి నవ్వలేదు, నోరు నొక్కుకోలేదు. “అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చేటప్పుడు నేను దగ్గుతాను. నువ్వు చెయ్యి మార్చేసుకో” అంది.

అలా ఎనిమిది నెలలు దగ్గింది. నీకు ఉబ్బసం ఏవన్నా పట్టుకుందేవో రామచంద్రపురం వెళ్ళి చూపించుకోమని అత్తగారు పోరుపెట్టేదాకా దగ్గింది. అప్పటికి పుష్పలతకి అత్తగారి అడుగుల చప్పుడే గుర్తయిపోయింది.

అలాంటి అక్క.

“నీ పెట్టె నేను ముట్టుకోలేదు పుష్పా. ఎవరి మీద ఒట్టెయ్యమన్నా వేస్తాను.”

“మరి అట్టకి కాళ్ళొచ్చి నీ దగ్గరికి నడిచొచ్చిందా?”

“తెచ్చి ఇచ్చేరు.”

“ఎవరు? బావగారా?”

రాజ్యలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

“అత్తయ్యగారా?”

“ఆవిడకి నీ పెట్టె ఎక్కడుంటుందో తెలిస్తే కదా.”

నిజమే. ఆ పెట్టె ధాన్యం గాదె వెనక, గోనెపట్టా కింద ఉంటుంది. అది అక్కడుందని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు పుష్పలత. రెండో మనిషి పేరు పుష్పలత మనసులో కూడా అనుకోలేదు. అనుకుంటే నిజమైపోతుందని భయపడింది.

“మధ్యాహ్నం మూడింటికి శారదాంబగారు వస్తున్నారు. మహిళామండళ్ళని చూసే ముఖ్యసేవికగారు. ఎదురుగా కూచుని ఒక ఉంగరం చేసి చూపించాలంట” అంది రాజ్యలక్ష్మి తల వంచుకుని. “నువ్వు గొడవ చెయ్యకు పుష్పా. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నేర్పింది నేను. నా చేతులతో నేర్పేను.”

“ఆయ్, నువ్వే నేర్పేవు. కాదన్లేదు.”

“మరెలా ఒప్పుకున్నావక్కా?”

గట్టు మీద కాకి ఒకటి అన్నం మెతుకు కోసం అటూ ఇటూ తిరిగింది.

“మొదట మీ బావగారు చెప్పేరని ఒప్పుకున్నాను. ఆయన మాట కాదంటే ఏవవుతుందో నీకు తెలుసు” అంది రాజ్యలక్ష్మి. “తరవాత నాకూ ఆశ పుట్టింది. పదకొండేళ్ళ నుంచి ఈ నూతి దగ్గరే ఉన్నాను. నన్నూ ఎవరో ఒకరు టీచరుగారండీ అంటారేవో అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?”

అక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది పుష్పలతకి. తిట్టడానికి వీలుగా ఉండేది.

*

పుష్పలత మొగుడు లోవరాజు పన్నెండున్నరకి వచ్చాడు. రాజోలులో మోటారు వైండింగు షాపులో పని. ఎండాకాలం వచ్చిందంటే చేలల్లో మోటార్లు కాలిపోతాయి, వాళ్ళకి పని చేతినిండా ఉంటుంది. అయినా భోజనానికి ఇంటికే వస్తాడు. వచ్చేటప్పుడు చొక్కా జేబులో తీగముక్కలు ఉంటాయి.

ఆ తీగముక్కలతోనే మొదలైంది పుష్పలత పని. వైండింగు చుట్టగా మిగిలిపోయిన కొసలు, జానెడు, మూరెడు. వార్నిషు పూసిన రాగితీగ, ఎర్రగా నిగనిగలాడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఓ రోజు అవి మంచం మీద పోసి, “పారెయ్యబుద్ధి కాలేదు” అన్నాడు. వాటిని చూస్తూ చూస్తూ తెగిపోయిన గొలుసులోని పూసలు నాలుగు ఎక్కించి మెలిపెట్టింది. ఉంగరమైంది. ఎడంచేత్తో చేసినందుకు సిగ్గుపడుతుంటే, “ఏ చెయ్యయితేనేం, పని బావుంది” అన్నాడు.

ఆ ఒక్క మాటకి మూడేళ్ళు ఆయన్ని దేవుడిలా చూసుకుంది. ఊళ్ళో మొగుళ్ళు పెళ్ళాలకి మల్లెపూలు తెస్తారు. ఈయన తీగ తెస్తాడు. పూలకంటే తీగే ఎక్కువని ఎలీసమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పుకుంది, పిచ్చిది.

ఇవాళ జేబులో కొసలు లేవు. చేతిలో కాయితం చుట్టిన పొట్లం ఉంది. విప్పి ఆవిడ ముందు పెట్టాడు. కొత్త తీగ చుట్ట. చెక్క రీలు మీద ఒత్తుగా చుట్టి ఉంది. లేబులు కూడా ఊడలేదు.

“నీకే. కాకినాడ నుంచి తెప్పించేను.”

పుష్పలత చుట్టని చూసింది. ఆయన్ని చూసింది. నూతి దగ్గర మనసులో అనుకోవడానికి భయపడిన పేరు ఎదురుగా నిలబడి చెప్పులు విడుస్తోంది.

“మూడేళ్ళలో ఎప్పుడూ కొనలేదు. ఇవాళెందుకు కొన్నారండీ?”

“కొనకూడదా?”

“గాదె వెనక పెట్టె ఉందని మీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలీదు.”

లోవరాజు రెండో చెప్పు విడవడం మరిచిపోయాడు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడ్డాడు.

“నేనే చెప్దామనుకున్నాను పుష్పా. సాయంత్రం చెప్దామనుకున్నాను.”

“చెప్పండి. ఇప్పుడు చెప్పండి.”

“అన్నయ్య వీధిగది నాకిస్తానన్నాడు. రోడ్డు మీదికి తలుపు పెట్టుకుంటే షాపు అవుద్ది. ఎన్నాళ్ళని ఒకడి దగ్గర చేతులు నల్లగా చేసుకోను? వదినకి ఆ పోస్టు వచ్చేలా చూస్తే గది ఇచ్చేస్తానన్నాడు. పెద్దమనుషుల్లో చెప్తానన్నాడు కూడాను.”

“అందుకని నా అట్ట తీసుకెళ్ళి ఇచ్చేరు.”

“ఎవరికిచ్చేను? బయటోళ్ళకిచ్చేనా? వదినకొస్తే మనకొచ్చినట్టు కాదా? అయినా ఈ షాపంతా ఎవరికోసవనుకున్నావు? నీ పేరే పెడతాను. పుష్పలతా మోటార్ వైండింగ్ వర్క్స్ అని బోర్డు రాయిస్తాను. పెద్ద అక్షరాలతో.”

ఆయన మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. ఈ మనిషి తనకి అన్యాయం చేశానని కూడా అనుకోవడం లేదు.

“నేను చేసిన పని మీద నా పేరు తీసేసి, మీరు చేసే పని మీద నా పేరు పెడతారా?”

“అలా అడ్డంగా మాటాడకు.”

“మరెలా మాటాడమంటారండీ?”

“పోనీ, నువ్వే వెళ్ళేవనుకో. ఆఫీసర్ల ముందు ఎడంచేత్తో చేసి చూపిస్తావా? నలుగురూ నవ్వితే? రేపు పిల్లలకి నేర్పితే, మా పిల్లలకి ఎడంచెయ్యి అలవాటు చేస్తోందని ఊళ్ళోవాళ్ళు గొడవకి రారా?”

ఏ చెయ్యయితేనేం అన్న మనిషేనా ఈయన? కంచే చేను మేసిందంటారు. మేసిన కంచె, చేనుదే తప్పంటోంది.

“భోజనానికి లెండి” అంది.

వీరాయమ్మ వండిన అన్నం వీరాయమ్మే వడ్డించింది. లోవరాజు తిన్నాడు. రెండోసారి చారు పోయించుకుని తిన్నాడు. పుష్పలత గోడకి ఆనుకుని ఆయన చారు జుర్రుకునే చప్పుడు వింది. కొత్త తీగచుట్ట గుమ్మం పక్కన పెట్టినచోటే ఉంది. ఆవిడ ముట్టుకోలేదు, ఆయన తియ్యలేదు.

“ఇవాళ మధ్యాహ్నం పనికి వెళ్ళరా?” అని అడిగింది చివరికి.

“అన్నయ్య ఉండమన్నాడు.”

ఉండమన్నదెందుకో ఆవిడకి అర్థమైంది. తనని చూసుకోవడానికి.

*

శారదాంబగారు మూడున్నరకి వచ్చారు. రాజోలు బస్సు దిగి, గొడుగు వేసుకుని, కాలవగట్టు మీద నడిచి వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. నూలుచీర, భుజానికి సంచి, కళ్ళజోడు. ఆఫీసరమ్మ జీపులో దిగుతుందని వాకిట్లో ముగ్గు కూడా పెట్టించిన త్రిమూర్తులు కాస్త నిరుత్సాహపడ్డాడు.

“దయచెయ్యండి, దయచెయ్యండి. ఎండలో నడిచొచ్చేరు. కబురెడితే బండి పంపేవాణ్ణండి.”

“నడక నాకలవాటేనండి. మంచినీళ్ళిప్పించండి చాలు.”

“అబ్బే, నీళ్ళేవిటండీ. కాఫీ పెట్టిస్తాను.”

వీరాయమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి పుష్పలతని చూసి వేలు చూపించింది. “కాఫీ పెట్టు. పెట్టి ఇక్కడే ఉండు. గ్లాసు నేను పట్టుకెళ్తాను. నువ్వు గుమ్మం దాటేవంటే నీకూ నాకూ ఋణం చెల్లిపోద్ది.”

“ఆయ్” అంది పుష్పలత.

పొద్దుటినుంచి వెలిగించనన్న పొయ్యి వెలిగించింది. పాలు పెట్టింది. వంటింటి గుమ్మంలోంచి చావడి మొత్తం కనిపిస్తుంది. చాప మీద రాజ్యలక్ష్మి కూర్చుంది. ముందు పళ్ళెంలో పూసలు, తీగ, అప్పడాలకర్ర, చిన్న కత్తెర ఉన్నాయి. తీగ ఆ కొత్త చుట్టదే. గుమ్మం దగ్గర్నుంచి ఎవరో తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టారు. ఎవరో ఏమిటి, లోవరాజే. అన్న పక్కన బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

శారదాంబగారు సంచిలోంచి అట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మూడు రోజుల తరవాత తన అట్టని చూసింది పుష్పలత. వరసలు చెదరలేదు. చేప ఉంగరం మాత్రం ఎవరో విప్పి చూసి వంకరగా కట్టారు. వెళ్ళి సరిచెయ్యాలని చేతులు లాగాయి.

“ముచ్చటగా ఉందమ్మా పని” అన్నారావిడ రాజ్యలక్ష్మితో. “కొస పూసలో దాచడం బాగా కుదిరింది. ఎవరు నేర్పేరు?”

రాజ్యలక్ష్మి పళ్ళెంలో తీగచుట్టని సర్దింది. “నేనే... చూసి చూసి నేర్చుకున్నానండి.”

చూసి చూసి. ఆ మాట మాత్రం నిజం. వంటింట్లో పాలు పొంగబోతుంటే పుష్పలత మంట తగ్గించింది.

“ఏదీ, ఈ మల్లెమొగ్గ ఒకటి చెయ్యి. తొందరేం లేదు.”

రాజ్యలక్ష్మి తీగ తుంపింది. అప్పడాలకర్ర పిడికి రెండు చుట్లు చుట్టింది. అయిదు తెల్లపూసలు ఎక్కించింది. తప్పు లేకుండా చేస్తోంది. తను నేర్పినట్టే చేస్తోంది. మంచి శిష్యురాలు. ఆ సంగతి పుష్పలతకి గర్వంగానూ ఉంది, కడుపుమంటగానూ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది.

నేర్చుకునేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఒకరి ఎడమ మోచెయ్యి ఒకరి కుడి మోచేతికి తగిలేది. అందుకని ఎదురెదురుగా కూర్చున్నారు. పుష్పలత ఎడంచెయ్యి ఎటు తిప్పితే రాజ్యలక్ష్మి కుడిచెయ్యి అద్దంలో బొమ్మలాగా దానికి ఎదురు తిప్పింది. అలా నేర్చుకున్న చుట్టు అలాగే ఉండిపోయింది. ఒకసారి ఇద్దరి ఉంగరాలూ పక్కపక్కన పెట్టినప్పుడు పుష్పలత ఆ తేడా చూసింది. అక్క చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు.

పాలగిన్నె దింపి, పుష్పలత గుమ్మానికి దగ్గరగా వచ్చి నిలబడింది.

రాజ్యలక్ష్మి కొస దాచి ఉంగరం అందించింది. శారదాంబగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. కొత్త ఉంగరాన్ని అట్ట మీది మల్లెమొగ్గ పక్కన పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. ఇంకో ఉంగరం చూశారు. వరస మొత్తం వేలితో తడుముకుంటూ పోయారు.

“ఇదేవిటమ్మా?”

“ఏవండీ?”

“ఈ ఇరవై నాలుగూ ఎడమకి మెలి తిరిగేయి. ఇప్పుడు నువ్వు చేసింది కుడికి తిరిగింది.”

త్రిమూర్తులు నవ్వాడు. “ఎటు తిరిగితే ఏవుందండి, వేలికి పట్టడవే కదా కావాలి.”

“మాది కుట్టుపని చేసే ఇల్లండి. మా అమ్మకి ఎడంచేతివాటం. ఆవిడ కుట్టు ఏదో, మా కుట్టు ఏదో చీకట్లో తడిమినా తెలిసేది” అన్నారు శారదాంబగారు. గొంతు పెంచలేదు. “ఈ అట్ట చేసింది ఎడంచేతివాటం మనిషి. ఈ ఇంట్లో అలాంటివాళ్ళెవరన్నా ఉన్నారా?”

రాజ్యలక్ష్మి పళ్ళెంలో పూసల్ని రంగులవారీగా వేరు చెయ్యడం మొదలుపెట్టింది. ఎవరూ ఆ పని చెయ్యమనలేదు.

“రామ రామ. మా వంశంలో అలాంటి అరిష్టం లేదండి” అంది వీరాయమ్మ.

పుష్పలత మొగుడివైపు చూసింది. లోవరాజు తల ఎత్తలేదు. గోటి కింద నలుపు గీక్కుంటున్నాడు. ఆ నలుపంటే ఆవిడకి ఎంతో ఇష్టం. ఒక్క మాట అను. మా ఆవిడేనండి అను. గది పోతే పోనీ, పిల్లలు లేరు, ముసలాళ్ళం కాదు, ఎక్కడన్నా బతుకుతాం. ఆవిడ ఇవన్నీ పైకి అనలేదు. గుమ్మంలో నిలబడి ఆయన నోటివంకే చూసింది.

ఆయన రెండో చేతి గోళ్ళు గీక్కోవడం మొదలుపెట్టాడు.

పుష్పలత కాఫీ కలిపింది. గ్లాసులో పోసింది. అత్తగారు పట్టుకెళ్ళడానికి లేచేలోపల గ్లాసు తీసుకుని గుమ్మం దాటింది.

చావడిలోకి వస్తుంటే రాజ్యలక్ష్మి తలెత్తి చూసింది. చూసి దగ్గింది.

ఎనిమిది నెలలు విన్న దగ్గే. చెయ్యి మార్చుకో పుష్పా అనే దగ్గు. తనని కాపాడడానికి దగ్గిందో, తన పోస్టుని కాపాడుకోవడానికి దగ్గిందో ఆ క్షణంలో రాజ్యలక్ష్మికే తెలియదేమో. మళ్ళీ దగ్గింది.

పుష్పలత చెయ్యి మార్చుకోలేదు.

“కాఫీ తీసుకోండమ్మగారూ” అని ఎడంచేత్తో అందించింది.

“ఓసి నీ చెయ్యి పడిపోనూ!” అంది వీరాయమ్మ. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎడంచేత్తో ఇవ్వడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శారదాంబగారు గ్లాసు వంక చూడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్ళవంక చూశారు. ఎడమ చూపుడువేలి పక్కన తీగ కోసి కోసి కాయకట్టిన గీత ఉంది. బొటనవేలి మీద వార్నిషు మరక ఉంది. ఆవిడ గ్లాసందుకుని పక్కన పెట్టారు.

“ఎవరమ్మా నువ్వు?”

పుష్పలత నోరు తెరిచేలోపల లోవరాజు లేచాడు.

“మా ఆవిడండి. వంటింట్లో పని చేసుకుంటుందండి. దానికి ఈ పూసల పని... రాదండి.”

మూడేళ్ళు జేబులో తీగ తెచ్చిన మనిషి అన్న మాట అది. అట్ట పోయినప్పుడు పుష్పలత ఏడ్చింది. అక్క పేరు విన్నప్పుడు కుమిలింది. ఇప్పుడు ఏడుపు రాలేదు. లోపల ఏదో తెగిపోయింది. తెగినచోట నొప్పి కూడా లేదు.

“రాదా?” అన్నారు శారదాంబగారు ఆవిణ్ణే చూస్తూ.

“వాళ్ళు రాదంటున్నారు కదండి” అంది పుష్పలత. “ఓసారి చూస్తారా?”

ఆవిడ పళ్ళెం ఇటు జరిపారు. రాజ్యలక్ష్మి చాప మీద ఓ పక్కకి ఒదిగింది. త్రిమూర్తులు తమ్ముడివైపు వంగి, అందరికీ వినపడేంత మెల్లగా అన్నాడు. “లోవా, అది ఆ తీగ ముట్టుకుందంటే వీధిగది లేదు. ఉన్న గదీ లేదు. ఆనక నన్నేవీ అనుకోకు.”

“పుష్పా” అన్నాడు లోవరాజు.

పుష్పలత చాప మీద కూర్చుంది. కొత్త చుట్టని పక్కకి నెట్టి, మొలలో దోపుకున్న పాత తీగముక్క తీసింది. ఉంగరం ఎప్పుడూ ఒకరి వేలి కొలతకే చేస్తుంది ఆవిడ. అట్ట మీద ఉన్నవి కూడా అక్క, ఎలీసమ్మ, పక్కింటి పిల్లల వేళ్ళ కొలతలే.

“ఎవరి వేలికి చెయ్యమంటారండీ?”

“నీ వేలికే చేసుకో. ఒక్కటీ లేదుగా నీకు.”

పుష్పలత తన చేతులవంక చూసుకుంది. ఎన్ని వందలు చేసిందో, ఒక్కటీ పెట్టుకోలేదు. ఆ సంగతి ఇంతవరకు తట్టనే లేదు.

“పుష్పా, నా మాట విను” అన్నాడు లోవరాజు మళ్ళీ.

అప్పటికి మొదటి చుట్టు ఎడమకి తిరిగిపోయింది.